రాత్రి రెండున్నరకి ఫోన్ ఎవరు ఎత్తుతారు? ఒక హెల్ప్‌లైన్ నెట్‌వర్క్ కథ

ఈరోజు ఎపిసోడ్ కొంచెం సీరియస్‌గా ఉంటుంది. ఆత్మహత్యల గురించి, వాటిని ఆపడానికి కొందరు చేసిన ప్రయత్నాల గురించి మాట్లాడుకుంటాం. మీ మనసు ఇప్పుడు బాగోలేకపోతే ఇది తర్వాత చదవండి, పర్వాలేదు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416 కి ఫోన్ చేయండి. ఇది టెలీ మానస్ నంబర్. గవర్నమెంట్‌ది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్ ఎక్కడి నుంచి వచ్చిందో చివర్లో చెప్తాను.

అసలు ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే, ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్ చదువుతున్న ఇద్దరు తమ్ముళ్లు నాకు మెసేజ్ పెట్టారు. "అన్నా, మా హాస్టల్‌లో ఒక హెల్ప్‌లైన్ మొదలుపెడదాం అనుకుంటున్నాం. ఒక వాట్సాప్ నంబర్ తీసుకుని, పోస్టర్లు అంటిస్తాం. ఎవరికి బాధ ఉన్నా మాకు కాల్ చేయమంటాం. ఐడియా ఎలా ఉంది?" అని. మంచి మనసు. నాకు నిజంగా ముచ్చటేసింది. కానీ నేను వాళ్లని ఒక్కటే అడిగాను: రాత్రి రెండున్నరకి ఆ ఫోన్ మోగితే, మీ ఇద్దరికీ పొద్దున్నే సెమిస్టర్ ఎగ్జామ్ ఉంటే, ఎవరు ఎత్తుతారు?

నేను ఐటీలో ఉన్నప్పుడు మాకు ఆన్-కాల్ డ్యూటీ ఉండేది. సర్వర్ పడిపోతే అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. నేను ఎత్తకపోతే ఐదు నిమిషాల్లో ఇంకొకరికి వెళ్తుంది. అతను కూడా ఎత్తకపోతే మేనేజర్‌కి. ఒక వెబ్‌సైట్ కోసమే ఇంత ఏర్పాటు ఉంటే, ఒక మనిషి ప్రాణం కోసం ఎంత ఉండాలి? ఈ ప్రశ్నకి డెబ్బై ఏళ్ల కింద లండన్‌లో ఒకాయన జవాబు వెతకడం మొదలుపెట్టారు. ఈరోజు కథ అదే.

999 ఉంది, మరి దీనికి?

ఆయన పేరు చాడ్ వరా. 1911లో ఇంగ్లండ్‌లో పుట్టారు. చర్చి ఆఫ్ ఇంగ్లండ్‌లో పాస్టర్. 1935లో, ఇంకా పాతికేళ్లు కూడా నిండకముందు, లింకన్ అనే ఊళ్లో ఒక చిన్నపిల్ల అంత్యక్రియలు చేయించాల్సి వచ్చింది. టీనేజీలోకి అప్పుడే అడుగుపెట్టిన అమ్మాయి. పీరియడ్స్ మొదలైతే తనకేదో భయంకరమైన జబ్బు వచ్చిందనుకుంది. అమ్మని అడగలేదు, టీచర్‌ని అడగలేదు. అడిగే చోటు లేదు. ఆ భయంతోనే ప్రాణం తీసుకుంది.

మనం దీన్ని "అప్పట్లో ఇంగ్లండ్‌లో అంత అజ్ఞానమా" అని తీసిపారేయొద్దు. మన దగ్గర పిల్ల పెద్దమనిషి అయిందని ఊరంతా పిలిచి ఫంక్షన్ చేస్తారు, ఫ్లెక్సీ కూడా కడతారు. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టి అసలేం జరుగుతోందో చెప్పేవాళ్లు ఎంతమంది?

ఆ సంఘటన చాడ్ వరాని వదల్లేదు. ఆ తర్వాత ఆయన యువతకి శరీరం గురించి, సెక్స్ గురించి ఓపెన్‌గా చెప్పడం మొదలుపెట్టారు. పాస్టర్ అయ్యుండి ఇవేం మాటలు అని తిట్టినవాళ్లు కూడా ఉన్నారు. ఇంకో సరదా విషయం, ఈయన పిల్లల కామిక్స్‌కి కూడా రాసేవారు. బ్రిటన్‌లో ఒక తరం పిల్లలు ఎగబడి చదివిన 'ఈగిల్' కామిక్ టీమ్‌లో ఈయన ఉన్నారు. చర్చి జీతం సరిపోక రాత్రిళ్లు సైడ్ ఇన్‌కమ్ అన్నమాట.

1950ల మొదట్లో, లండన్ ప్రాంతంలో రోజుకి సగటున ముగ్గురు ఆత్మహత్య చేసుకుంటున్నారని ఆయనకి తెలిసింది. అప్పటికి లండన్‌లో 999 ఎమర్జెన్సీ నంబర్ వచ్చి పదిహేనేళ్లు దాటింది. 1937లోనే మొదలైంది. ఇల్లు కాలుతుంటే ఫోన్ చేయొచ్చు, దొంగ వస్తే ఫోన్ చేయొచ్చు. చచ్చిపోవాలనిపిస్తే ఎవరికి చేయాలి? ఆయనకి వచ్చిన ప్రశ్న ఇదే.

1953లో ఆయనకి సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ అనే చర్చి బాధ్యత వచ్చింది. లండన్ నడిబొడ్డున, బ్యాంకులు, ఆఫీసులు ఉండే ఏరియా. అక్కడ నివాసం ఉండేవాళ్లే తక్కువ. అంటే పెళ్లిళ్లు, బాప్టిజాలు, అంత్యక్రియలు పెద్దగా ఉండవు. ఆయనకి టైమ్ ఉంది, ఒక గది ఉంది, ఒక ఫోన్ ఉంది. నంబర్ మ్యాన్ 9000. 1953 నవంబర్ 2న ఆ నంబర్‌కి మొదటి కాల్ వచ్చింది. ఆ పాత నల్ల ఫోన్‌ని చాలా ఏళ్లు ఆ చర్చిలోనే అద్దాల పెట్టెలో పెట్టి చూపించేవారు.

ఒక నెల తర్వాత డైలీ మిర్రర్ పత్రిక దీని గురించి రాస్తూ బైబిల్‌లోని మంచి సమరయుడి పేరు వాడింది. దారిలో దెబ్బలు తిని పడి ఉన్న పరాయివాణ్ణి, కులం మతం చూడకుండా ఎత్తుకెళ్లిన మనిషి కథ మనలో చాలామంది వినే ఉంటారు. ఆ పేరే నిలిచిపోయింది: సమారిటన్స్.

టీ ఇచ్చేవాళ్లే అసలు డాక్టర్లు

ఇక్కడ కథలో పెద్ద ట్విస్ట్ ఉంది. చాడ్ వరా మొదటి ప్లాన్ ఏంటంటే, కౌన్సెలింగ్ తనే ఇస్తారు. ఫోన్లు విపరీతంగా వస్తున్నాయి, మనుషులు నేరుగా కూడా వస్తున్నారు. బయట గదిలో క్యూ. సాయం చేస్తామని కొందరు మామూలు మనుషులు ముందుకొచ్చారు. వాళ్లు సైకాలజిస్టులు కాదు, ఏ డిగ్రీ లేదు. వాళ్ల పని ఏంటంటే వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి టీ, కాఫీ ఇవ్వడం, వంతు వచ్చేదాకా తోడుగా కూర్చోవడం.

కొన్ని వారాలకి ఆయన ఒకటి గమనించారు. వచ్చినవాళ్లలో చాలామంది ఆ టీ ఇచ్చిన మనిషితో మాట్లాడి, తేలికపడి, "ఇక ఫాదర్‌ని కలవక్కర్లేదు లెండి" అని వెళ్లిపోతున్నారు. లోపల కూర్చున్న నిపుణుడి కంటే బయట బెంచీ మీద పక్కన కూర్చుని విన్న మనిషే ఎక్కువమందికి పనికొస్తున్నారు.

మన ఈగో అయితే ఏమనేది? "వాళ్లకేం తెలుసు, నేను కదా ఎక్స్‌పర్ట్" అనేది. ఆయన అలా అనలేదు. 1954 ఫిబ్రవరిలో, అంటే మొదలుపెట్టిన నాలుగో నెలలోనే, ఫోన్ ఎత్తే పనిని అధికారికంగా వాలంటీర్లకి అప్పగించేశారు. ఆయన పని మారిపోయింది. సరైన మనుషుల్ని ఎంచుకోవడం, తయారు చేయడం, వెనకాల నిలబడటం. డాక్టర్ అవసరమైన కేసుల్ని డాక్టర్ దగ్గరికి పంపించడం.

ఈ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు బిఫ్రెండింగ్. అంటే స్నేహితుడిలా తోడుండటం. ఇందులో సలహాలు ఇవ్వరు, తీర్పులు చెప్పరు. "అమ్మానాన్న గురించి ఆలోచించావా" అని గిల్టీ ఫీలింగ్ పెట్టరు. దేవుడి గురించి ప్రచారం కూడా చేయరు. స్థాపించింది పాస్టరే అయినా, ఫోన్‌లో మతం తేకూడదు అన్నది గట్టి రూల్. నాస్తికుడు ఫోన్ చేసినా, ఏ మతం వాడు చేసినా, వినడం ఒక్కటే పని.

రెండో రూల్ గోప్యత. ఇది మర్యాద కోసం పెట్టింది మాత్రమే కాదు. 1961 వరకు ఇంగ్లండ్‌లో ఆత్మహత్యాయత్నం నేరం. అంటే "నేను నిన్న ప్రయత్నించాను" అని ఫోన్‌లో చెప్పేవాడు, చట్టం లెక్కలో ఒక నేరం ఒప్పుకుంటున్నట్టే. పోలీసులకి చెప్పరు అనే నమ్మకం లేకపోతే ఆ ఫోన్ ఎవరు చేస్తారు? గోప్యత లేకుండా ఈ సిస్టమ్ మొదటి రోజే కూలిపోయేది.

ఒక చర్చి నుంచి ఒక నెట్‌వర్క్

ఒక నంబర్, ఒక గది. ఇది మన భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఆ ఒక్కచోట కరెంట్ పోతే అంతా పోయినట్టే. లండన్ బయట ఉన్నవాడి సంగతేంటి?

1959లో ఎడిన్‌బరోలో రెండో బ్రాంచ్ వచ్చింది. 1960లలో బ్రిటన్ అంతటా వరసగా ఊళ్లు చేరాయి. ఇక్కడ జాగ్రత్తగా చూడండి, పేరు వాడుకుని ఎవరికి తోచినట్టు వాళ్లు మొదలుపెట్టలేదు. ప్రతి బ్రాంచ్ స్థానికంగా డబ్బు, గది, మనుషుల్ని చూసుకునేది, కానీ పద్ధతి మాత్రం అందరిదీ ఒకటే. అప్లై చేసిన ప్రతివాళ్లనీ తీసుకోరు. సెలెక్షన్ ఉంటుంది, ట్రైనింగ్ ఉంటుంది, మొదట్లో అనుభవం ఉన్నవాళ్ల పక్కన కూర్చోవాలి. షిఫ్ట్ అయిపోయాక లీడర్‌తో మాట్లాడి, విన్న బరువంతా అక్కడ దించేసి ఇంటికి వెళ్లాలి.

ఆ చివరి పాయింట్ నాకు చాలా నచ్చింది. మనం వినేవాడిని రాయి అనుకుంటాం. రాత్రంతా నలుగురి కన్నీళ్లు విన్నవాడు ఇంటికెళ్లి ఎలా నిద్రపోతాడు? అతన్ని వినేవాడు ఒకడుండాలి. ఒంటరిగా నడిచే హెల్ప్‌లైన్‌లో ఆ రెండో మనిషి ఉండడు. నెట్‌వర్క్‌లో చేరడం అంటే లోగో పెట్టుకోవడం కాదు, ఆ రెండో మనిషిని సంపాదించుకోవడం.

ఇంకో ఉదాహరణ చెప్తాను. మోనికా డికెన్స్ అనే ఇంగ్లిష్ రచయిత్రి ఉన్నారు. మనం ఇంగ్లిష్ పాఠాల్లో చదివిన చార్లెస్ డికెన్స్‌కి మునిమనవరాలు. ఆవిడ సమారిటన్స్‌లో వాలంటీర్‌గా పనిచేశారు. ఆ అనుభవంతో 1970లో 'ది లిజనర్స్' అనే నవల రాశారు. పెళ్లయ్యాక అమెరికాలో ఉంటున్న ఆవిడ, 1974లో బోస్టన్‌లో అమెరికా మొదటి సమారిటన్స్ బ్రాంచ్ పెట్టారు. ఆర్డర్ గమనించారా? ముందు చేరారు, నేర్చుకున్నారు, ఆ తర్వాతే కొత్త చోట మొదలుపెట్టారు.

అదే 1974లో బ్రిటన్ బయట ఉన్న ఇలాంటి సెంటర్ల కోసం బిఫ్రెండర్స్ ఇంటర్నేషనల్ ఏర్పడింది. ఇప్పుడు దాన్ని బిఫ్రెండర్స్ వరల్డ్‌వైడ్ అంటారు. ఇక బ్రిటన్‌లో 2015 నుంచి సమారిటన్స్‌కి 116 123 అనే ఒకే ఫ్రీ నంబర్ ఉంది. మీరు ఏ ఊరి నుంచి చేసినా, దేశంలో ఏ బ్రాంచ్‌లో వాలంటీర్ ఖాళీగా ఉంటే అక్కడికి కాల్ వెళ్తుంది. 1953లో ఒక్క ఫోన్‌తో మొదలైంది, ఇప్పుడు లోడ్ బ్యాలెన్సింగ్ దాకా వచ్చింది.

మరి నిజంగా పనిచేస్తుందా?

ఇది నిజాయితీగా అడగాల్సిన ప్రశ్న. 1960లలో బ్రిటన్‌లో ఆత్మహత్యలు బాగా తగ్గడం మొదలైంది. సమారిటన్స్ బ్రాంచీలు కూడా అప్పుడే పెరిగాయి. 1968లో ఒక పరిశోధకుడు, బ్రాంచ్ ఉన్న ఊళ్లలో ఆత్మహత్యలు తగ్గాయి, లేని ఊళ్లలో తగ్గలేదు అని రాశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పదేళ్ల తర్వాత, 1978లో వేరే పరిశోధకులు ఊళ్లని ఇంకా జాగ్రత్తగా పోల్చి చూస్తే ఆ తేడా కనిపించలేదు. ఆ కాలంలోనే ఇళ్లకి వచ్చే వంట గ్యాస్ మారింది, పాత విషపూరితమైన గ్యాస్ పోయి సహజవాయువు వచ్చింది. మరణాలు తగ్గడానికి అది పెద్ద కారణం అని తేలింది.

అంటే హెల్ప్‌లైన్లు వేస్టా? కాదు. మొత్తం దేశం లెక్కల్లో ఒక ఫోన్ కాల్ ప్రభావాన్ని విడదీసి చూపించడం చాలా కష్టం. ఫోన్ చేసిన మనిషికి ఆ రాత్రి గడిచిందా లేదా అన్నది వేరే లెక్క. కానీ ఈ కథ ఇంకో మాట కూడా చెప్తోంది. వినడం ఒక్కటే చాలదు. ప్రమాదం చేతికి అందకుండా చేయాలి, చట్టాలు మారాలి, సిస్టమ్ మారాలి. మంచి సెంటర్ అంటే ఫోన్ ఎత్తేది మాత్రమే కాదు, ఆ ఫోన్లలో విన్నదాన్ని బట్టి బయట ఏం మారాలో అడిగేది కూడా.

మన దగ్గరికి వస్తే

దీనికి మంచి ఉదాహరణ మన పక్కనే, చెన్నైలో ఉంది. 1986లో సైకియాట్రిస్ట్ డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్నేహా అనే సంస్థ పెట్టారు. వాలంటీర్లతో నడిచే సెంటర్, బిఫ్రెండర్స్ కుటుంబంలో భాగం. రిజల్ట్స్ సీజన్‌లో ఫెయిలైన పిల్లల నుంచి ఫోన్లు వచ్చేవి. ఫెయిలైతే సంవత్సరం మొత్తం వేస్ట్ అనే భయం. దాంతో స్నేహా వాళ్లు, ఫెయిలైన పిల్లలు వెంటనే మళ్లీ రాసుకునే అవకాశం ఇవ్వాలని తమిళనాడులో గట్టిగా అడిగారు, అది వచ్చింది కూడా. మన దగ్గర అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ అంటాం కదా, అలాంటిది. ఒక పిల్లాడికి "ధైర్యంగా ఉండు" అని చెప్పడం వేరు, నెలలో ఇంకో ఎగ్జామ్ ఉంటుంది అని చెప్పగలగడం వేరు.

హైదరాబాద్, సికింద్రాబాద్‌లో కూడా ఇదే పద్ధతిలో రోష్ని అనే సెంటర్ 1990ల చివరి నుంచి పనిచేస్తోంది. అది కూడా వాలంటీర్లతోనే.

వీళ్లంతా ఎలాంటి చట్టం నీడలో పనిచేశారో తెలుసా? ఇంగ్లండ్ వాళ్లు 1961లో తీసేసిన నేరం, వాళ్లు మనకిచ్చిన 1860 నాటి ఐపీసీలో సెక్షన్ 309గా అలాగే ఉండిపోయింది. 1994లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లదంది. 1996లో ఐదుగురు జడ్జిల బెంచ్ మళ్లీ చెల్లుతుందంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలి, శిక్షించకూడదు అని చెప్పింది. చివరికి 2024 జులై 1న కొత్త భారతీయ న్యాయ సంహిత వచ్చినప్పుడు ఆ పాత సెక్షన్ అందులో లేదు. ఇంగ్లండ్ తర్వాత మనకి అరవై ఏళ్లకి పైగా పట్టింది. అన్నేళ్లూ మన ఇళ్లలో "బయటికి చెప్పకు, పోలీస్ కేసు అవుతుంది" అనే మాట ఎందుకు వినపడిందో ఇప్పుడు అర్థమైంది కదా.

2022లో మన దేశంలో ఆత్మహత్యలతో చనిపోయినవాళ్లు 1 లక్షా 70 వేలకు పైనే. అందులో స్టూడెంట్స్ 13 వేలకు పైనే. ఇవి గవర్నమెంట్ నేర గణాంకాల సంస్థ లెక్కలే. అదే సంవత్సరం అక్టోబర్ 10న టెలీ మానస్ మొదలైంది. ముందు చెప్పిన 14416 ఇదే. బెంగళూరు నిమ్హాన్స్ దీనికి కేంద్రం, రాష్ట్రాల్లో సెల్స్ ఉంటాయి. ఫోన్ ఎత్తిన కౌన్సెలర్ దగ్గర కాకపోతే పైన సైకియాట్రిస్ట్ దాకా వెళ్లే దారి ఉంటుంది. నా ఆన్-కాల్ లెక్క గుర్తుందా? అదే డిజైన్.

ఇంకొకటి, ఇది మన తెలుగు నేల మీద నుంచి వెళ్లిన కేసు. విశాఖపట్నంలో నీట్‌కి ప్రిపేర్ అవుతున్న ఒక అమ్మాయి మరణం మీద తండ్రి చేసిన పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులైలో కోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ గైడ్‌లైన్స్ ఇచ్చింది. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ స్టూడెంట్స్ ఉంటే కనీసం ఒక క్వాలిఫైడ్ కౌన్సెలర్‌ని పెట్టాలి. అంతకంటే చిన్న సంస్థ అయితే బయటి నిపుణులతో అధికారికంగా లింక్ పెట్టుకోవాలి. కోచింగ్ సెంటర్లకి కూడా ఇది వర్తిస్తుంది.

తమ్ముళ్లకి నా జవాబు

సరే, ఇప్పుడు ఆ ఇద్దరి దగ్గరికి వద్దాం. నేను వాళ్లకి రాసింది ఇక్కడ కూడా చెప్తాను.

నంబర్ పెట్టకండి. పోస్టర్ మీద నంబర్ పెట్టడం అంటే మాట ఇవ్వడం. మోగి మోగి ఆగిపోయిన ఫోన్, అసలు లేని ఫోన్ కంటే ప్రమాదం. ఎందుకంటే ఆ పిల్లాడు తన ఆఖరి ధైర్యం కూడగట్టుకుని చేసి ఉండొచ్చు. మీ పోస్టర్ మీద 14416 వేయండి, ఆ ఫోన్ ఎత్తడానికి ఒక సిస్టమ్ ఉంది.

రెండోది, ముందు చేరండి. మీ సిటీలో ఇలాంటి సెంటర్ ఉంటే వాలంటీర్‌గా అప్లై చేయండి. సెలెక్ట్ కాకపోయినా బాధపడకండి, ఆ వడపోత ఫోన్ చేసేవాడి కోసం. అక్కడ ఒక సంవత్సరం చేశాక మీకే తెలుస్తుంది, మీ ఊళ్లో పెట్టాలంటే ఎంతమంది కావాలో, నెలకి ఎంత ఖర్చో, ఏ డాక్టర్‌తో మాట్లాడుకుని ఉంచుకోవాలో.

మూడోది, మీ ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్లి మర్యాదగా అడగండి: "సార్, మన కాలేజీ కౌన్సెలర్ ఎవరు? ఏ రోజుల్లో ఉంటారు? మేం చెప్పింది ఇంటికి చెప్పేస్తారా?" ఇప్పుడు ఇది మీరు అడుక్కునే సాయం కాదు. కోర్టు చెప్పిన బాధ్యత.

నాలుగోది ఈరోజు రాత్రి నుంచే చేయొచ్చు. టీ పట్టుకెళ్లి పక్కన కూర్చోండి. మీ ఫ్లోర్‌లో వారం నుంచి మెస్‌కి రానివాడు, బ్యాక్‌లాగ్స్ వచ్చాక ఎవరితో మాట్లాడనివాడు ఒకడు ఉంటాడు. "ఏంట్రా, ఎలా ఉన్నావ్?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఫోన్ జేబులో పెట్టుకోండి. మధ్యలో సలహా ఇవ్వకండి. వాడు చచ్చిపోవాలని ఉంది అంటే, సూటిగా అడగడానికి భయపడకండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అప్పుడు మాత్రం వాణ్ణి ఒంటరిగా వదలొద్దు, రహస్యం అని దాచొద్దు. వార్డెన్‌కో, ఇంట్లో నమ్మకమైన పెద్దవాళ్లకో చెప్పండి, 14416 కి మీరే డయల్ చేసి వాడి చేతికివ్వండి.

1953లో ఆ వెయిటింగ్ రూమ్‌లో టీ ఇచ్చినవాళ్లలో చాలామంది పేర్లు కూడా మనకి తెలియవు. కానీ ఈ పద్ధతి మొత్తం వాళ్లని చూసి నేర్చుకున్నదే.

ఆ తమ్ముళ్లు పోస్టర్ మార్చి పంపారు. సొంత నంబర్ తీసేశారు, 14416 పెద్దగా వేశారు, కింద కౌన్సెలర్ గది నంబర్ కోసం ఖాళీ వదిలారు. సోమవారం ప్రిన్సిపల్‌ని కలుస్తారట. ఆ ఖాళీలో ఏ నంబర్ వస్తుందో తెలిశాక మీకు చెప్తాను. మీ కాలేజీలో ఆ ఖాళీ నిండి ఉందో లేదో రేపు వెళ్లి మీరూ ఒకసారి చూడండి. ఉంటాను మరి, జాగ్రత్త.